కడుపుతో ఉన్నప్పుడు గడ్డ తగిలితే ఏం చేయాలి

అన్నిటికంటే ముందు, "డెలివరీ అయ్యాక చూద్దాంలే" అనే మాట మానేయండి. ఈ టైంలో రొమ్ములు ఎలాగూ బరువెక్కి గట్టిపడతాయి కాబట్టి గడ్డ ఉన్నా పాల కోసమేలే అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్తారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా అలాగే పంపించేస్తారు, ఈలోపు నెలలు గడిచిపోతాయి. ప్రెగ్నెన్సీలో క్యాన్సర్ అరుదే, సుమారు 1000 మందిలో ఒకరికి వస్తుంది, కానీ వచ్చినవాళ్లకి ఎక్కువ నష్టం చేసేది ఈ ఆలస్యమే.

స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో, వేళ్ల కొసలు ఆనించి రొమ్ము మొత్తం, చంక దాకా తడిమి చూసుకోండి. రెండు పక్కలా ఒకేలా గట్టిగా ఉంటే సాధారణంగా ప్రెగ్నెన్సీ మార్పే. ఒకవైపే, ఒకేచోట విడిగా తగులుతూ రెండు వారాలైనా పోకపోతే మాత్రం చూపించుకోవాల్సిందే, అలాగే చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం వచ్చినా. వెళ్లేముందు గడ్డ ఉన్నచోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి, డాక్టర్ ముందు కంగారులో అది చేతికి దొరకదు. "హార్మోన్ల వల్లేనమ్మా" అంటే "సరే డాక్టర్, అయినా ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించండి" అని గట్టిగా అడగండి, తప్పేం లేదు.

టెస్టులంటే బిడ్డకి ఏమవుతుందో అని భయం ఉంటుంది కదా. అల్ట్రాసౌండ్‌లో రేడియేషనే లేదు. సూదితో ముక్క తీసే బయాప్సీ ఆ చోటు వరకే మత్తిచ్చి చేస్తారు, బిడ్డకి ఇబ్బంది ఉండదు, కాకపోతే ల్యాబ్ ఫారంలో ప్రెగ్నెంట్ అని రాశారో లేదో మీరే చూసుకోండి, ఎందుకంటే ఈ టైంలో రొమ్ము కణాలు మామూలుగానే మారి ఉంటాయి, తెలియకపోతే వాటిని క్యాన్సర్ అని పొరబడొచ్చు. మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) అవసరమైతే చేయొచ్చు, ఎంఆర్ఐ కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు) లేకుండా చేస్తారు. పొట్టకి సీటీ, పెట్ స్కాన్ వీలైనంతవరకు వద్దనే అంటారు. క్యాన్సర్ జాడ కోసం చేసే సీఏ-125, ఏఎఫ్‌పీ లాంటి రక్తపరీక్షల్లో నంబర్లు ప్రెగ్నెన్సీలో మామూలుగానే పెరుగుతాయి, ఆ నంబర్ ఒక్కటీ చూసి హడలిపోకండి.

ఇక పొట్ట స్కాన్‌లో కనిపించే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కాదు, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అండాశయంలో నీటి సిస్టులు. మొదట్లో కనిపించే సిస్టులు చాలావరకు నాలుగో నెలకల్లా వాటంతటవే పోతాయి. కానీ సిస్టు ఉందని తెలిసి, ఉన్నట్టుండి ఒకపక్క భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి. బ్లీడింగ్ పదేపదే అవుతుంటే స్కాన్‌తో సరిపెట్టకుండా గర్భాశయ ముఖద్వారం కూడా చూడమనండి, అక్కడి కణాలు తీసి చూసే పాప్ టెస్ట్ ప్రెగ్నెన్సీలోనూ చేయొచ్చు.

రిపోర్ట్‌లో క్యాన్సర్ అనే వచ్చిందనుకోండి, ఆరోజే అబార్షన్‌కి ఒప్పేసుకోకండి. రొమ్ము క్యాన్సర్‌లో గర్భం తీసేసినంత మాత్రాన తల్లి ఎక్కువకాలం బతుకుతుందని తేలలేదు. మొదటి నెలల్లో వచ్చే తీవ్రమైన లుకేమియా (రక్త క్యాన్సర్) లాంటివాటిలో మాత్రం ఆ మాట నిజంగానే వస్తుంది, అప్పుడు కూడా నిర్ణయం ఆమెదే, అత్తగారిదో భర్తదో కాదు. క్యాన్సర్ డాక్టరు, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు ముగ్గురూ కలిసి మాట్లాడుకుని ప్లాన్ ఇవ్వమని అడగండి. ఆపరేషన్ ఏ నెలలోనైనా చేయొచ్చు. కీమో మొదటి మూడు నెలల్లో ఇవ్వరు, అప్పుడే బిడ్డ అవయవాలు తయారవుతుంటాయి, 14 వారాలు దాటాక చాలా మందులు ఇవ్వొచ్చు. రేడియేషన్, హార్మోన్ మాత్రలు, ట్రాస్టుజుమాబ్ (కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే మందు) లాంటివి డెలివరీ తర్వాతే. 2015లో వచ్చిన ఒక స్టడీలో, తల్లికి గర్భంలోనే క్యాన్సర్ బయటపడిన 129 మంది పిల్లల్ని మిగతా పిల్లలతో పోల్చి చూస్తే ఎదుగుదలలో, గుండె పనితీరులో తేడా కనిపించలేదు, తెలివితేటల్లో వెనకబాటు నెలలు నిండకముందే పుట్టడంతో ముడిపడి ఉంది. అందుకే "త్వరగా బిడ్డని తీసేద్దాం" అంటే ఎందుకని అడగండి, వీలైతే 37 వారాల దాకా ఆగడం మంచిది. చివరి కీమోకి డెలివరీకి మధ్య సుమారు మూడు వారాలు గ్యాప్ ఉండేలా చూస్తారు, రక్తకణాలు కోలుకోవాలి కదా.

తల్లి క్యాన్సర్ బిడ్డకి రావడం చాలా చాలా అరుదు, అయినా మాయని ల్యాబ్‌కి పంపమని ముందే చెప్పి ఉంచండి. కీమో నడుస్తుంటే పాలు పట్టకూడదు, ఆ మాట డెలివరీకి ముందే డాక్టర్‌తో మాట్లాడి పాలు ఆపే మందు, పాలపొడి అన్నీ సిద్ధం చేసుకోండి, లేకపోతే పసిబిడ్డ ఏడుస్తున్నప్పుడు పక్కనున్నవాళ్లు ఆ తల్లిని అనే మాటలు కీమో కంటే ఎక్కువ బాధపెడతాయి.