.22 రైఫిల్‌కి కొత్త స్టాక్ (చెక్క భాగం) ఎట్ల ఎక్కించాలె

"అన్నా, కొత్త స్టాక్ ఎక్కించిన, ఇంతకుముందు 50 మీటర్ల దగ్గర రూపాయి బిళ్లంత గ్రూప్ (తూటాలన్ని కలిసి పడే చోటు) పడేది, ఇప్పుడు అరచేయంత అయింది, తూటాలు మార్చాల్నా?" అని ఫొటోలు పెట్టి అడిగేటోళ్లు ఈ నడుమ బాగ ఎక్కువైన్రు. తూటాలు కాదు తమ్మీ, స్కోప్ కాదు, బ్యారెల్ అసలే కాదు. యాక్షన్ (బోల్ట్ నడిచే ఇనుప భాగం, బ్యారెల్ దానికే బిగించి ఉంటది) చెక్కల సరిగ కూర్చోలే. ఎన్ని వేలు పెట్టి స్టాక్ కొన్నా సరే, ఇనుము చెక్క మీద దానంతట అది కూర్చోవాలె, స్క్రూలు గుంజితే కూర్చుంటే అది కూర్చున్నట్టు కాదు. ఈ ఒక్క ముక్క కోసమే ఇదంత రాస్తున్న.

నాది పాత బోల్ట్ యాక్షన్, అంటే చేత్తోని పిడి గుంజి తూటా ఎక్కించే రకం. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గర లావు బ్యారెల్ వేయించినంక అది పాత కుందాల పట్టలే (మా ఆదిలాబాద్‌ల పెద్దోళ్లు స్టాక్‌ని కుందా అనే అంటరు). అట్ల మొదలైంది, ఇప్పటికి నా రెండు రైఫిళ్లకి కలిపి ఆరు స్టాక్‌లు ఎక్కించిన.

ముందుగాల కాయితాల సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకి, మార్పుకి లైసెన్స్ కావాలె. చెక్క పని వరకు మీరు చేసుకోవచ్చా అన్నది మీకు లైసెన్స్ ఇచ్చిన ఆఫీసుల అడిగి ఖాయం చేసుకున్నంకనే స్క్రూ విప్పండి, కాదంటే గన్‌స్మిత్‌కే ఇచ్చి పక్కన కూర్చుని చేయించుకోండి, కింద రాసింది అప్పుడు కూడా పనికొస్తది. బ్యారెల్, బోల్ట్, ట్రిగ్గర్, నంబర్ కొట్టి ఉన్న ఏ ఇనుము మీదనైనా ఆకురాయి పెట్టొద్దు, తక్కువైనా ఎక్కువైనా గీకేది చెక్కనే. ఇంకోటి, పెన్‌గంగ దాటి యవత్మాల్, చంద్రాపూర్ దిక్కు మంచి పనోడున్నడని రైఫిల్ పట్టుకుని పోయేటోళ్లున్నరు, మీ లైసెన్స్ ఏ ఏరియా వరకు చెల్లుతదో చూసుకుని పోండి. అద్దరి మహారాష్ట్ర, మన స్టేట్ వరకే ఉన్న లైసెన్స్ అక్కడ నడవది.

సామాన్లు: ఇంచులో పావంత సన్న ఉలి ఒకటి, అర్ధచంద్రం ఉలి ఒకటి, 120 నుంచి 400 దాక సాండ్ పేపర్, స్క్రూ తలకి కరెక్ట్‌గ పట్టే స్క్రూడ్రైవర్, టార్క్ రెంచ్ (స్క్రూ ఎంత బిగిసిందో చూపేది), నెమ్మదిగ గట్టిపడే ఎపాక్సీ (రెండు కలిపి వాడే గట్టి జిగురు), మైనం పాలిష్, ఎలక్ట్రికల్ టేప్, పిల్లలు ఆడుకునే మెత్త క్లే, పాత సైకిల్ ట్యూబ్. మిగతా చిన్నచితకవి కింద వాటి చోట చెప్త.

చెక్క సంగతి మాత్రం కొంచెం చెప్పాలె. పుస్తకాలల్ల అక్రోట్ కలప అంటరు, నేనైతే టేకే వాడుత, మన అడవి టేకు కన్నా నిలకడైన చెక్క నాకు దొరకలే. వానాకాలం తేమ, మేలో 45 దాటే ఎండ, చలికాలంల సింగిల్ డిజిట్‌కి పడిపోయే రాత్రులు, ఈ మూడింటికీ పెద్దగ ఉబ్బకుండ, ముడుచుకోకుండ ఉండేది అదే. కానీ బాగ ఎండి ఉండాలె, ఇంచు మందానికి ఒక ఏడాది ఆరబెట్టాలె అని మా వడ్లాయన లెక్క, నాదీ అదే లెక్క. బిల్లుతోని డిపోల కొనండి, అడవిల కొట్టి తెచ్చిన దుంగ ఎంత చవకకిచ్చినా వద్దు, టేకు రవాణాకి ఫారెస్టోళ్ల పర్మిట్ కావాలె. టేకుతోని ఉన్న తిప్పలు రెండు. దాంట్ల ఇసుక లాంటి సిలికా ఉంటది కాబట్టి ఉలి పదును తొందరగ పోతది, గంటకోసారి నూరుకోవాలె. రెండోది, దాని నూనెకి ఎపాక్సీ పట్టదు, దీని గురించి కింద చెప్త.

విప్పుడు సులువే. మ్యాగజైన్ తీయండి, బోల్ట్ తీయండి, ఛాంబర్‌ల (తూటా కూర్చునే గూడు) కండ్లతోని చూడండి, వేలు పెట్టి కూడా చూడండి, తూటాల డబ్బా ఇంకో రూంల పెట్టి తలుపేయండి. యాక్షన్ స్క్రూలు విప్పి వేరు వేరు కవర్లల్ల పెట్టి ముందుది, వెనకది అని రాసుకోండి. ముందు స్క్రూ కొన్ని రైఫిళ్లకి పొట్టిగ ఉంటది, తారుమారు చేసి పొడుగుది ముందు బిగిస్తే అది లోపల పోయి బ్యారెల్‌కో బోల్ట్‌కో తాకుతది.

గాడి తీసేటప్పుడు నా పద్ధతి దీపం మసి. ఆముదం దీపం మీద రేకు పట్టి మసి తీసి, చుక్క నూనెల కలిపి యాక్షన్ కింది భాగానికి పల్చగ రాయాలె, స్టాక్‌ల నిదానంగ దించి పైకి తీయాలె, నల్లగ అంటుకున్న చోట మాత్రమే ఉలితోని పొర తీయాలె. మళ్ల రాయి, మళ్ల దించు, మళ్ల తీయి. ఒక్కరోజుల అయ్యేది కాదు, నాకు రెండు మూడు సాయంత్రాలు పడ్తది. మార్కర్ పెన్నుతోని, లిప్‌స్టిక్‌తోని చేసేటోళ్లున్నరు, మసి అంత సన్నగ వేరే ఏదీ చూపియ్యదు. బ్యారెల్ కింది గాడి మాత్రం వెడల్పుగనే ఉండాలె, రెండు మడతలేసిన పది రూపాయల నోటు స్టాక్ కొస నుంచి యాక్షన్ దాక ఎక్కడా ఆగకుండ జారాలె.

బోల్ట్ పిడి పడే కోత దగ్గర ఆగి చూడండి. చాలా రైఫిళ్లల్ల, ముఖ్యంగ పాత చెకోస్లొవేకియా రైఫిళ్లల్ల, పిడి మొదలే లాకింగ్ లగ్ (బోల్ట్‌ని మూసి పట్టే ఇనుప పన్ను) పని చేస్తది. అక్కడ చెక్క అడ్డం పడి పిడి పూర్తిగ కిందికి దిగకపోతే బోల్ట్ సగం లాక్ అయినట్టు. అది గ్రూప్ పాడయ్యే సంగతి కాదు, మొఖం మీదికొచ్చే సంగతి. పిడి చుట్టూ ఒక మిల్లీమీటర్ ఖాళీ ఉండాలె, అందం చూసుకోవద్దు.

ఇగ అసలు స్టెప్, బెడ్డింగ్, అంటే యాక్షన్ సందు లేకుండ ఆనేటట్టు దాని కింద అచ్చు పోసుడు. అందరు పాడుచేసేది ఇక్కడనే, కాబట్టి నిదానంగ చదవండి.

ఎంత బాగ చెక్కినా చెక్కకీ ఇనుముకీ మధ్య వెంట్రుకంత ఖాళీలు ఉంటయి. స్క్రూ బిగించినప్పుడు యాక్షన్ ఆ ఖాళీలోకి వంగుతది. .22కి తన్నుడు తక్కువ, బెడ్డింగ్ ఎందుకు అంటరు కొందరు, తన్నుడు కోసం కాదు, ఆ వంపు కోసం. వంగిన యాక్షన్ ప్రతి తూటాకి ఒక్కో తీరుగ వణుకుతది. దానికి రెండు పనులు చేయాలె: స్క్రూ పోయే రంధ్రాలల్ల అల్యూమినియం గొట్టాలు (పిల్లర్లు) పెట్టాలె, ఎంత బిగించినా చెక్క నలగకుండ, యాక్షన్ కింద ఎపాక్సీ పోసి దాని అచ్చు తీయాలె. పిల్లర్ లోపలి అంచుకి స్క్రూ ఎక్కడా తాకొద్దు, తాకితే ఆ స్క్రూనే రికాయిల్ లగ్ (తన్నుడు ఆపే ఇనుప ముక్క) పని చేసుడు మొదలు పెడ్తది.

ఎపాక్సీ కలిపే ముందు, కలిపినంక కాదు, ఇనుము మీద ప్రతి రంధ్రం, ప్రతి సందు, ట్రిగ్గర్ గాడి, మ్యాగజైన్ దారి, స్క్రూ మరలు, అన్ని క్లేతోని మూయండి. ఎపాక్సీ చిన్న సందులకి పోయి అడ్డంగ గట్టిపడితే రైఫిల్ స్టాక్‌ల తాళం పడ్డట్టే. నా రెండో స్టాక్‌కి ట్రిగ్గర్ పక్కన జొన్నగింజంత రంధ్రం మర్చిపోయిన, యాక్షన్ బయటికి రాలే, ఏడాది ఆరబెట్టిన టేకుని చివరికి రంపంతోని నిలువునా కోసి తీసినం. ఆ రోజు సంది టార్చ్ లైట్ పట్టుకుని రెండుసార్లు చూడకుండ డబ్బా మూత తీయను. తర్వాత ఎపాక్సీ ఇనుముకి అంటకుండ మైనం పాలిష్ రెండు పూతలు, ఇనుము అంతటికి, మధ్యల ఆరనిచ్చి. రికాయిల్ లగ్ ఉంటే దాని ముందు, పక్కలు, అడుగు టేప్ వేయండి, వెనక మొఖం మాత్రం ఒట్టిగ వదలండి, వెనక్కి ఆనేది ఆ మొఖమే కాబట్టి అక్కడ అచ్చు ఖచ్చితంగ రావాలె. బ్యారెల్‌కి స్టాక్ కొస దగ్గర నాలుగు చుట్లు టేప్ చుడితే అది గాడి నడిమిట్ల నిలబడ్తది.

టేకు నూనె సంగతి అన్న కదా. ఎపాక్సీ పోసే చోట అసిటోన్ ముంచిన బట్టతోని గట్టిగ తుడవండి, అది ఆరగానే పోయండి, తుడిచి పొద్దాక వదిలేస్తే లోపలి నూనె మళ్ల పైకి వస్తది. ఎపాక్సీ ఐదు నిమిషాల్ల గట్టిపడే రకం వద్దే వద్దు, దించేలోపే బిగుసుకుంటది. పైపులు అతికే పుట్టీతోని చేసేటోళ్లని చూస్తే బాధ అనిపిస్తది, అది పెళుసు, ఒక సీజన్‌ల పగులుతది.

దించినంక స్క్రూలు బిగించొద్దు. నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదే. బిగిస్తే యాక్షన్ వంగుతది, ఆ వంపునే ఎపాక్సీ అచ్చు పోసుకుంటది, ఇగ జన్మల పోదు. తల లేని స్టడ్‌లు దారి చూపడానికి పెట్టి, సైకిల్ ట్యూబ్‌తోని యాక్షన్ చుట్టూ మెత్తగ చుట్టండి, దాని బరువుకి తోడు ఆ పట్టు చాలు. పక్కలకి కారింది వెంటనే తుడవండి. 24 గంటలు కదిలించొద్దు, చలికాలమైతే 36 ఉంచుత నేను. తర్వాత బ్యారెల్ కింద చెక్క ముక్క పెట్టి రబ్బర్ సుత్తితోని మెల్లగ తడితే టక్కుమని లేస్తది.

బిగించే వరుస: ముందు స్క్రూ ఫస్ట్, వెనకది తర్వాత. కంపెనీ మాన్యువల్‌ల నంబర్ ఉంటే అదే, లేకపోతే పిల్లర్లు ఉన్నదానికి నేను 2.5 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపుత. మూడు స్క్రూలుంటే నడిమిది ఊడిపోకుండ ఉంటే చాలు. ఇప్పుడు పరీక్ష: వేలు సగం స్టాక్ కొసకి, సగం బ్యారెల్‌కి ఆనించి పట్టుకుని ఇంకొకరితోని ముందు స్క్రూ వదులు చేయించండి. బ్యారెల్ కదిలినట్టు వేలికి తెలిసిందంటే బెడ్డింగ్ మళ్ల చేయాలె, వేరే దారి లేదు. కదలకపోతే బోల్ట్ వేసి, ఖాళీ ఛాంబర్‌తోని సేఫ్టీ, ట్రిగ్గర్ పదిసార్లు చూసుకుని అప్పుడు రేంజ్‌కి పోండి.

పాలిష్‌కి ఫర్నిచర్ షాపు వార్నిష్ కొట్టొద్దు, గీత పడితే మొత్తం గీకాల్సి వస్తది. మరగబెట్టిన అవిసె నూనె పల్చగ, రోజుకొక పూత, ఎనిమిది పది పూతలు, అరచేత్తోని వేడి పుట్టేదాక రుద్దాలె. బయట కన్నా లోపలి గాడికి, బట్ ప్లేట్ (భుజానికి ఆనే చివర పలక) కింద కనబడే కోత మొఖానికి ఎక్కువ పెట్టండి, తేమ దూరేది అక్కడికెల్లే. నూనె గుడ్డలు ఉండ చుట్టి పడెయ్యొద్దు, వాటంతట అవే అంటుకుంటయి, విడదీసి దండెం మీద ఆరేయండి.

మొదటి 50 తూటాలు కాల్చినంక స్క్రూలు ఒకసారి చూడండి, తర్వాత వానాకాలం మొదట్ల ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, పది రూపాయల నోటు మళ్ల జార్చి చూడండి. ఎక్కడన్న ఆగితే అక్కడ 120 సాండ్ పేపర్ నాలుగు సార్లు నడిపి, నూనె పూసి, మళ్ల బిగించుకోండి.