వ్యాపార భాగస్వాములతో ఎలక్ట్రానిక్ పత్రాల మార్పిడి: ఏ మార్గం ఎంచుకోవాలి

ఇకపై ఆర్డర్లన్నీ ఈడీఐ ద్వారానే, అంటే ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు నేరుగా నిర్ణీత రూపంలో వెళ్లే ఎలక్ట్రానిక్ పత్రాలుగానే పంపుతామని పెద్ద కొనుగోలుదారు నుంచి కబురు రాగానే చాలా సంస్థలు సాఫ్ట్‌వేర్ ధరలు విచారించడం మొదలుపెడతాయి. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. పంపిన పత్రం అవతలివారికి చేరకపోతే ఆ సంగతి ఎవరికి, ఎంతసేపట్లో తెలుస్తుందన్నదే అది. ఖర్చు, వేగం, భద్రత ముఖ్యమే అయినా, రోజువారీ నిర్వహణలో ఏ మార్గం నిలబడుతుందో ఈ ప్రశ్నకు దొరికే జవాబే చెబుతుంది.

పత్రం ఏ రూపంలో ఉండాలి, ఏ దారిలో వెళ్లాలి అనే రెండింటినీ కలిపి ఆలోచించకూడదు. రూపాన్ని సాధారణంగా పెద్ద భాగస్వామే నిర్ణయిస్తారు. ఉత్తర అమెరికాలో ఎక్స్12, ఐరోపాలోనూ మరికొన్ని ప్రాంతాల్లోనూ ఎడిఫ్యాక్ట్ అనే పత్ర ప్రమాణాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మొదటిదానిలో కొనుగోలు ఆర్డరుకు గుర్తు 850 అనే సంఖ్య అయితే, రెండోదానిలో అదే ఆర్డర్స్ అనే సందేశం. ఒకే ప్రమాణాన్ని ఇద్దరు భాగస్వాములు రెండు రకాలుగా వాడటం మామూలే కనుక, ఒక్కొక్కరి మార్గదర్శక పత్రాన్నీ విడిగా చదవాలి. మనకు కొంత స్వేచ్ఛ మిగిలేది దారి విషయంలోనే. ఆ ఎంపికకు దిగే ముందు ఒక్కో భాగస్వామితో ఏయే పత్రాలు నడుస్తాయో, నెలకు ఎన్నో, ఎంత ఆలస్యాన్ని భరించగలమో, అవతలివారు ఏయే పద్ధతులను అంగీకరిస్తారో ఒక పట్టికగా రాసుకోవాలి.

నెలకు పదో ఇరవయ్యో ఆర్డర్లు వచ్చే చోట భాగస్వామి ఇచ్చే వెబ్ పోర్టల్ సరిపోతుంది. అయితే అందులో చూసిన వివరాలను మన అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ టైపు చేయాలి కాబట్టి, ఆర్డర్లు పెరిగేకొద్దీ తప్పులూ పెరుగుతాయి.

భాగస్వాములు ఎక్కువగా ఉండి, సొంత సాంకేతిక సిబ్బంది తక్కువగా ఉన్న సంస్థకు వ్యాన్ అనే మధ్యవర్తి నెట్‌వర్క్ నప్పుతుంది. మనం ఒక్క చోటికి కలిస్తే చాలు, అది ప్రతి ఒక్కరి మెయిల్‌బాక్స్‌కూ పత్రాలను చేర్చి, రాకపోకల లెక్క కూడా ఉంచుతుంది. రుసుమును పత్రాల సంఖ్యను బట్టో, అక్షరాల పరిమాణాన్ని బట్టో వేస్తారు కనుక, ఒప్పందానికి ముందే మన పెద్ద ఇన్వాయిస్ ఒకటి ఇచ్చి ఎంత అవుతుందో లెక్క కట్టించుకోవడం మంచిది.

పత్రాల రాకపోకలు బాగా ఎక్కువైతే మధ్యవర్తి లేకుండా ఏఎస్2 అనే పద్ధతి ద్వారా నేరుగా కలవడం లాభసాటి కావచ్చు. 2005లో ఆర్ఎఫ్‌సీ 4130 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడిన ఈ పద్ధతిలో, పత్రాన్ని డిజిటల్ సంతకంతో, గుప్తీకరించి, ఇంటర్నెట్ మీదుగా పంపి, అవతలి సర్వర్ నుంచి ఎండీఎన్ అనే రసీదు తీసుకోవచ్చు. ఇందుకు మన సర్వర్ రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి. సంతకానికీ గుప్తీకరణకూ వాడే డిజిటల్ సర్టిఫికెట్ల గడువు తీరకముందే కొత్తవి ఇచ్చిపుచ్చుకోవాలి; ఈ పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించని చోట ఒక ఉదయం రాకపోకలు ఉన్నట్టుండి ఆగిపోతాయి.

ఫైలును భద్రమైన దారిలో ఒక సర్వర్‌లో పెట్టే ఎస్ఎఫ్‌టీపీ చౌక, సులువు. కానీ ఫైలును అక్కడ పెట్టామన్నంత వరకే తెలుస్తుంది, అవతలివారు తీసుకున్నదీ లేనిదీ తెలియదు. పైగా ఫైలు సగం ఎక్కుతుండగానే అవతలి ప్రోగ్రాం దాన్ని చదివేస్తే ఆర్డరులో చివరి వరుసలు మాయమవుతాయి. అందుకే తాత్కాలిక పేరుతో ఎక్కించి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చే పద్ధతిని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. సరుకు నిల్వ ఎంత, రవాణా ఎంతవరకు వచ్చింది వంటి, వెంటనే జవాబు కావలసిన ప్రశ్నలకు ఏపీఐ, అంటే ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌ను నేరుగా అడిగే ఏర్పాటు, తగినది. ఒక్కో భాగస్వామి ఏపీఐ ఒక్కో తీరుగా ఉంటుంది కనుక, ఆధునికమన్న ఒక్క కారణంతో ఆర్డర్లన్నిటినీ దానికి మార్చడం తొందరపాటే. ఇన్వాయిస్‌ల విషయంలో మాత్రం చట్టం ఏ మార్గాన్ని కోరుతుందో ముందే చూసుకోవాలి. కొన్ని దేశాల్లో ప్రభుత్వ సంస్థలకు పెపోల్ అనే ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్‌ల నెట్‌వర్క్ ద్వారా పంపవలసి ఉంటుంది.

ఏ దారి ఎంచుకున్నా రసీదుల అర్థం దగ్గర పొరపాటు పడకూడదు. ఎండీఎన్ ఏ లోపమూ చూపకుండా వచ్చిందంటే ఫైలు చెక్కుచెదరకుండా చేరిందని మాత్రమే. ఎక్స్12లో 997 అనే రసీదు వస్తే పత్రం నిర్మాణాన్ని పరిశీలించారని అర్థం, అందులోనే తిరస్కరణ కూడా ఉండవచ్చు. ఆర్డరును సరఫరాదారు ఒప్పుకున్నదీ లేనిదీ చెప్పేది 855 అనే పత్రం. ఉదాహరణకు, లేని సరుకు కోడ్‌తో ఒక ఆర్డరు వెళ్లిందనుకుందాం. మొదటి రెండు రసీదులూ సలక్షణంగా తిరిగిరావచ్చు, సరుకు మాత్రం ఎప్పటికీ బయలుదేరదు. కనుక 997 ఇన్ని గంటల్లో రాకపోతే హెచ్చరిక ఎవరికి వెళ్లాలో, మళ్లీ పంపిన పత్రాన్ని దాని మీద ఉండే గుర్తింపు సంఖ్య అయిన కంట్రోల్ నంబరును బట్టి రెండో ఆర్డరుగా లెక్కించకుండా ఎలా ఆపాలో భాగస్వామితో రాతపూర్వకంగా కుదుర్చుకోవాలి.

ఆ తరువాత ఒక్క భాగస్వామితో, ఒక్క రకం పత్రంతో మొదలుపెట్టాలి. సరైన ఆర్డర్లతో పాటు కావాలని తప్పులు పెట్టిన ఆర్డర్లను కూడా పరీక్షగా పంపించుకుని, తిరస్కరణలు సరైన మనిషి కంటపడుతున్నాయో లేదో చూడాలి. అంతవరకు పాత పద్ధతిలో ఈమెయిల్‌లో వచ్చే ఆర్డర్లను ఆపించకూడదు. అయితే ఏది అసలు, ఏది కేవలం సరిచూసుకోవడానికో గిడ్డంగి సిబ్బందికి ముందే చెప్పి ఉంచాలి, లేకుంటే ఒకే సరుకు రెండుసార్లు లారీ ఎక్కుతుంది.