గద్వాల చీర పేజీలో ఆప్షన్లు మొరాయిస్తే

గద్వాలలో మా బంధువుల చీరల దుకాణానికి వూకామర్స్‌లో (వెబ్‌సైట్‌లో సరుకు అమ్ముకునే సాఫ్ట్‌వేర్) పేజీ పెట్టింది నేనే. అందుకే కస్టమర్ల తిట్లు కూడా నా ఫోన్‌కే వస్తాయి.

సమస్య: రంగు, అంచు అన్నీ ఎంచుకున్నాక "ఈ జోడీ అందుబాటులో లేదు" అంటుంది. లేనిదాన్ని లిస్టులో ఎందుకు పెట్టారని హైదరాబాద్ నుంచి ఒకావిడ గట్టిగానే అడిగింది.

కారణం: మా దగ్గర బాడీ రంగులు 6, అంచులు 5, బాడీ నూలా సీకోనా (పట్టు, నూలు కలిసినదా) అని 2 రకాలు. అన్ని వేరియేషన్లూ (రంగు, అంచు, బాడీ కలిపిన ఒక్కో జోడీ) తయారుచేసే బటన్ రెండుసార్లు నొక్కాను, 60 వచ్చి పడ్డాయి. మాకు తెలిసిన వాటికే ధర వేసి మిగతావి ఖాళీగా వదిలేశాం. ధర లేని వేరియేషన్‌ను వూకామర్స్ అమ్మదు. మరి లిస్టులోంచి ఎందుకు తీయలేదంటే, వేరియేషన్లు 30 లోపుంటేనే అన్నీ పేజీతో పాటు వచ్చి, కుదరని రంగులు అప్పటికప్పుడే పక్కకు పోతాయి. 30 దాటితే అన్నీ ఎంచుకున్నాకే సర్వర్‌ను అడుగుతుంది. ధర లేనివీ ఆ లెక్కలోకే వస్తాయి.

పరిష్కారం: కంప్యూటర్ పక్కన పెట్టి మగ్గం దగ్గరికి పొండి. అంచు రంగు పడుగులోనే (నిలువు దారాల్లోనే) ఉంటుంది. పడుగు మగ్గం ఎక్కాక ఒక్క చీర కోసం దాన్ని ఎవరూ మార్చరు. మా నేత మామతో కూర్చుని కాగితం మీద రాస్తే 60లో నిజంగా నేసేవి 14 తేలాయి. మిగతా 46 తీసేశాను, గొడవ వదిలింది. మీకు నిజంగానే 30 కన్నా ఎక్కువ కావాలంటే, ఏజాక్స్ వేరియేషన్ థ్రెషోల్డ్ అనే ఫిల్టర్‌తో (చిన్న కోడ్ రాసి మార్చే సెట్టింగ్) ఆ హద్దు పెంచుకోవచ్చు. కోడ్ చైల్డ్ థీమ్‌లోనే (అసలు థీమ్‌ను ముట్టుకోకుండా మన మార్పులు విడిగా ఉంచుకునే థీమ్) రాయండి, లేకపోతే థీమ్ అప్‌డేట్‌లో కొట్టుకుపోతుంది. పేజీ కొంచెం బరువెక్కుతుంది మరి.

సమస్య: సీకో ఎంచుకున్నా నూలు చీర ధరే చూపిస్తుంది.

బాడీ రకం దగ్గర "ఏదైనా" అని పెట్టి నూలు ధర వేసిన వేరియేషన్ లిస్టులో పైన ఉండి ఉంటుంది. వూకామర్స్ పైనుంచి చూస్తూ సరిపోయిన మొదటిదాన్నే తీసుకుంటుంది. సీకో వరసను పైకి లాగి సేవ్ చేయండి.

సమస్య: బ్లౌజు కుట్టించొద్దన్నా "కొలతలు ఇవ్వండి" అని కార్ట్‌లో పడనివ్వదు.

ఇది అదనపు ఆప్షన్ల ప్లగిన్ (వూకామర్స్‌కు తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) పని. కొలతల పెట్టెను దాచాం గానీ, దాని మీద "తప్పనిసరి" గుర్తు అలాగే ఉంది. "కుట్టించాలి" అన్నప్పుడే తప్పనిసరి అయ్యేలా షరతు మార్చండి. ఫాల్, పీకో మాత్రం టిక్ పెట్టెలుగా ఉంచండి, రెండూ కావాలనేవాళ్లే ఎక్కువ.

తర్వాత ఫోన్‌లో ఒకసారి చూడండి: కుట్టించాలి అని పెట్టి, కొలతలు నింపి, మళ్లీ వద్దు అని మార్చండి. కార్ట్‌లో కుట్టు కూలి ఇంకా కనిపిస్తే, దాగిన పెట్టెలోని విలువ చెరగలేదన్నమాట. ఆ సెట్టింగ్ లేని ప్లగిన్ అయితే నేనైతే మార్చేస్తాను.