డైరీలో నూనె ధర కూడా రాయండి

జనవరిలో దుకాణాలవాళ్ళు పంచిపెట్టే డైరీలను చాకలి పద్దుకో, ఫోను నంబర్లకో వాడుకోండి. దినచర్య రాయడానికి అవి పనికిరావు. ఏమీ జరగని రోజుకూ తుపాను వచ్చిన రోజుకూ ఒకే పేజీ ఇస్తాయి. నాలుగు రోజులు రాయకపోతే ఖాళీ పేజీలు వెక్కిరిస్తాయి, ఐదో రోజుకు పుస్తకం అటకెక్కుతుంది. 200 పేజీల కుట్టు బైండింగు నోటుపుస్తకం కొనండి. పేజీలకు అంకెలు వేసి, చివరి ఆరు పేజీలు వదిలేయండి. వాటి సంగతి తరువాత చెబుతాను.

జెల్ పెన్ను వద్దు. మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు కిటికీ అద్దాలు పగిలి వాన గదిలోకి కొట్టింది. తడిసిన పుస్తకాల్లో బాల్‌పెన్ను రాతలు నిలిచాయి, జెల్ రాతలు నీలి మరకలయ్యాయి.

నేను ఒక సహకార బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యాను. అందుకే నా పద్ధతికి కొంత చిట్టా వాసన. ముందు తేదీ, వారం. తరువాత ఆ రోజు ఇంటి సంగతులు: ఎండ ఎలా కాసింది, కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎవరు వచ్చి వెళ్ళారు, దేనికి ఎంత ఇచ్చాం. ఆఖరున బయటి లోకపు ముచ్చట ఒకటి, ఒకటే. ‘మనసు బాగాలేదు’ అని రాసి వదిలేస్తే రెండేళ్ళ తరువాత చదివినప్పుడు మీకే అంతుపట్టదు. ఎవరు ఏమన్నారో రాయండి, అన్నది అన్నట్టే.

‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మజిలీ మజిలీకీ రాసుకుంటూ వెళ్ళారు. ఆ ఊళ్ళో అంగళ్ళున్నాయా, నీటి వసతి ఎలా ఉంది, దిగడానికి చోటుందా అని. క్షేత్రమాహాత్మ్యాలకన్నా నాకు ఆ అంగళ్ళ సంగతే ఎక్కువ ఇష్టం. మాహాత్మ్యాలు వేరేచోట కూడా దొరుకుతాయి.

ఇక లోకవార్తలు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పత్రికలో శీర్షిక చూసి దించేస్తారు. ఆ పని పత్రిక చేసిపెట్టింది కదా, మళ్ళీ మనమెందుకు? ఆ వార్త మీ గుమ్మం దాకా ఎలా వచ్చిందో రాయండి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగిన రోజు నేను రాసుకున్నది రెండే వాక్యాలు. టీవీలో చూశామని ఒకటి. కింది వాటావాళ్ళ అబ్బాయి అక్కడ వైద్యం చదువుతున్నాడు, ఫోను కలవడం లేదని ఇంకొకటి. తరువాతి పేజీల్లో ఫోను కలిసిన పూట ఉంది, వాళ్ళమ్మ పొయ్యి వెలిగించకుండా కూర్చుంటే మేము అన్నం పంపిన పూట ఉంది, ఆ పిల్లవాడు రుమేనియా సరిహద్దు దాటి ఢిల్లీలో దిగిన రోజూ ఉంది. మార్చి వచ్చేసరికి పొద్దుతిరుగుడు నూనె ధర ఎక్కింది. మన దేశానికి ఆ నూనె ఎక్కువగా ఉక్రెయిన్, రష్యాల నుంచే వస్తుందని కిరాణా కొట్టాయన చెబితేనే నాకు తెలిసింది. ఆ మాటా రాశాను, ప్యాకెట్టు ధరా రాశాను. యుద్ధం మీద లావుపాటి పుస్తకాలు ఎన్నో వస్తాయి. మా కొట్టాయన మనిషికి రెండు ప్యాకెట్లే ఇస్తానన్న సంగతి వాటిలో దొరకదు.

ప్రతి వార్త పక్కనా ఒక గుర్తు పెట్టండి. కళ్ళారా చూసినదైతే ‘చూ’, చదివినదైతే ‘చ’, ఒకరు చెప్పగా విన్నదైతే ‘వి’. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు ప్రకటించాక నా పేజీల నిండా ‘వి’లే. కౌంటరు ముందు వరుసలో నిలబడ్డవాళ్ళు ఎన్ని చెప్పేవారో! కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందట, భూమిలో పాతినా జాడ తెలిసిపోతుందట. అది వట్టి పుకారని తేలాక కూడా ఆ వాక్యాన్ని కొట్టేయలేదు. ఆ వారం జనం ఏం నమ్మారో తెలియాలంటే అదే ఉండాలి. తేలిన తేదీ మాత్రం పక్కన వేశాను. నిజంగానే తప్పు రాస్తే ఒకే ఒక గీత కొట్టి పొడి సంతకం చేయండి. తెల్లరంగు పూయవద్దు, పేజీ చింపవద్దు.

ఏటీఎం చీటీ, కొట్టులో యంత్రం ఇచ్చే బిల్లు అతికించి ఊరుకోకండి. వేడితో అచ్చయ్యే ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి. అంకె చేత్తో రాయండి.

రాయలేకపోయిన రోజులను ఊహించి నింపవద్దు. తప్పనిసరైతే ‘తరువాత రాసినది’ అని పైన వేయండి. ఇంట్లోవాళ్ళు చదువుతారా అంటే, చదువుతారు. తాళం వేస్తే ఇంకా ముందు చదువుతారు. అందుకని ఇతరుల జబ్బులు, అప్పులు రాయవలసివస్తే పొడి అక్షరాలు చాలు. పిన్ నంబర్లు మాత్రం ఎక్కడా రాయకండి, ఇది క్యాషియరు మాట.

చివరి ఆరు పేజీలు విషయసూచికకు. ఆదివారం కాసేపు కూర్చుని ‘గ్యాసు బండ: 14, 61’, ‘కింది వాటా అబ్బాయి: 33, 35, 41’ అని ఎక్కిస్తే చాలు. ఇది లేకపోతే పుస్తకం ఉన్నా లేనట్టే, ఏదీ దొరకదు. నిండిన పుస్తకం అట్ట మీద మొదటి తేదీ, చివరి తేదీ రాసి బీరువాలో పెట్టండి. గోడకున్న అలమరలో వద్దు, చెదలు గోడ వెంటే వస్తాయి.