వాల్‌పేపర్‌తో ఇల్లు – 3వ పాఠం: అలమరకు కొత్త వెనకపలక

పోయిన పాఠంలో రోళ్ల లెక్క చూశాం. మన దగ్గర దొరికే మామూలు రోలు 21 అంగుళాల వెడల్పు, 10 మీటర్ల పొడవు. గోడ పనయ్యాక అందులో పదడుగుల ముక్క మిగిలిందనుకోండి, పుస్తకాల అలమరలో మూడు అరలకు అది చాలు.

కాగితాన్ని నేరుగా అలమరకు అంటించొద్దు. లోపల సన్‌మైకా ఉంటే జిగురు సరిగ్గా పట్టదు, అంచులు లేస్తాయి. అద్దెకుండేవాళ్లకైతే ఓనరుగారితో పేచీ అదనం. 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే పలక) షీటు కోయించి, దానికి కాగితం తొడిగి, అరలో వెనక్కి నిలబెడదాం. పాత అట్టపెట్టెలు వాడొచ్చు కదా అంటారేమో, వాటి గాడులు కాగితం మీదికి తేలతాయి.

అర 34 అంగుళాల వెడల్పు, 13 ఎత్తు అనుకుందాం. పలకను నాలుగు వైపులా 2 మి.మీ. తక్కువగా కోయించండి, కాగితం మందానికి చోటుండాలి. వెనక్కి మడవడానికి చుట్టూ అంగుళంన్నర కలిపితే కాగితం 37 × 16. రోలును అడ్డంగా వేస్తే అతుకే రాదు. మూడు ముక్కలకు 111 అంగుళాలు, మన పదడుగుల్లో సరిపోయింది. చెట్లూ పిట్టలూ ఉన్న డిజైనును మాత్రం అడ్డంగా వేయకండి, పిట్టలు పక్కకు పడుకుంటాయి.

ఇక అసలు సంగతి. చిన్న ముక్కను నీళ్లలో తడిపి చూడండి. చుట్టుకుంటే మామూలు కాగితం, అలాగే ఉంటే నాన్‌వోవెన్, అంటే తడిసినా సాగని పీచు రకం. నాన్‌వోవెన్‌కు జిగురు పలకకే రాయాలి. మామూలు కాగితమైతే దాని వెనక రాసి, జిగురు వైపులు కలిసేలా మడిచి ఐదు నిమిషాలు నాననివ్వాలి. తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ పలకను కూడా లాగుతుంది. ఒక్క వైపే అంటించిన పలక ఎండలో పెట్టిన అప్పడంలా వంగేది ఇందుకే. మందు ఒకటే: అదే రోజు వెనక వైపు కూడా, వీలైతే ఆ వాల్‌పేపర్ ముక్కల్నే అంటించండి. రెండు లాగుళ్లూ సరిపోతాయి. పుస్తకాలు బైండు చేసేవాళ్లు అట్టలకు లోపలివైపు కాగితం వేయడంలోనూ ఈ కిటుకు ఉంది.

జిగురు? రెడీమేడ్ వాల్‌పేపర్ జిగురు పొడి మేలు. మైదా జిగురు కూడా పట్టుకుంటుంది కానీ పురుగును పిలుస్తుంది. పురుగు పట్టకుండా బైండర్లు అందులో చిటికెడు మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో ఆ జోలికి పోవద్దంటాను.

మధ్య నుంచి అంచులకు మెత్తటి గుడ్డతో నొక్కుతూ గాలి పోగొట్టండి. మూలల్లో కాగితాన్ని ఏటవాలుగా, పలక కొన నుంచి నాలుగైదు మి.మీ. వదిలి కత్తిరించి మడవండి. కొన దాకా కోస్తే చెక్క కనబడుతుంది. పైఅంచు వెనక చిన్న రిబ్బను ముక్క అంటిస్తే రేపు పలక లాగడం సులువు. తెల్ల కాగితాల మధ్య పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి. ఎండకు పెట్టడం, ఫ్యాను కింద ఆరబెట్టడం వద్దు.

వచ్చే పాఠం మెట్ల నిలువు ముఖాల మీద. ఈలోగా మీ మెట్లు ఒక్కొక్కటీ విడిగా కొలిచి రాసుకోండి, అన్నీ ఒకే ఎత్తు ఉంటాయని నమ్మొద్దు.