క్రిస్మస్‌కు ఇంట్లో క్రిబ్బు (యేసు పుట్టిన పశువులపాక బొమ్మ) కట్టేవాళ్ళకు

డిసెంబరు 15న గుప్పెడు గోధుమలు నానబోయండి. తెల్లారి బట్టలో మూటగట్టి, మొలక రాగానే పాత పళ్ళెంలో తడిమట్టి మీద పరవాలి. రోజూ నీళ్ళు చిలకరిస్తే చాలు, 24 నాటికి నాలుగు వేళ్ళ ఎత్తు పచ్చిక లేస్తుంది. లంబాడీ తండాల్లో తీజ్ పండక్కి ఆడపిల్లలు బుట్టల్లో పెంచుతారే, అదే పద్ధతి. పళ్ళెం మీద రాత్రిపూట జల్లెడ బోర్లించండి. ఒక ఏడు మా కాజీపేట ఇంట్లో మొత్తం ఎలుకే మేసింది.

పాకకు పత్తికట్టె, సుతిలి తాడు, వరిగడ్డి కావాలి. కోతమిషన్ నలిపేసిన గడ్డి కప్పుకు నిలవదు. చేత్తో కోసిన గడ్డి ఊళ్ళో బర్రెలున్నవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు సరిపోతుంది. వెనక కొండకు ఇటుకలు పేర్చి, ఎర్రమట్టిలో గంజి కలిపి, గోనెసంచి ముంచి కప్పండి. రెండు రోజుల్లో బిగుసుకుంటుంది. రేగడి మట్టి వద్దు, ఆరితే పగుళ్ళిస్తుంది. మంచు కోసం దూది అతికిస్తారు గానీ, నాకు నచ్చదు. దూదిని పశువుల మేత తొట్టిలో పరిస్తే బాలయేసుకు మెత్తగా ఉంటుంది.

బొమ్మలకు వేలు పోయక్కర్లేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో కొండల్లో అస్సీసి ఫ్రాన్సిస్ అనే పునీతుడు క్రిబ్బు చేయించినప్పుడు ఉన్నవి తొట్టి, ఎండుగడ్డి, నిజం ఎద్దు, నిజం గాడిద. లూకా సువార్తలో తొట్టి ఉంది గానీ ఎద్దూ గాడిదా లేవు. బైబిల్లో యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో ఎద్దు, గాడిదల గురించి ఉన్న మాటను బట్టి వచ్చి చేరాయవి. మా నాయిన మాత్రం గాడిద దొరక్క బర్రెదూడను పెట్టేవాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

మరియమ్మ, జోజప్ప (యోసేపు), గొల్లలు ముందే రావచ్చు. తొట్టి మాత్రం 24 అర్ధరాత్రి చర్చిలో పూజ అయ్యేదాకా ఖాళీగా ఉండాలి. గుడి నుంచి వచ్చాక ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళ చేత బాలయేసును పెట్టించండి. మా మనవడు నిద్రమత్తులో ఒకసారి తలకిందులుగా పెట్టాడు, పొద్దున దాకా మేమెవరం చూడలేదు!

బాలయేసుకు కానుకలు తెచ్చిన తూర్పుదేశపు జ్ఞానులను అప్పుడే పాకలోకి తేవద్దు. టీవీ స్టాండు దగ్గర మొదలుపెట్టి రోజూ జానెడు జరిపితే జనవరి 6కు, అంటే జ్ఞానుల పండక్కి, చేరతారు. మత్తయి తన సువార్తలో ముగ్గురని రాయలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కాబట్టి మనం ముగ్గురనుకున్నాం.

సీరియల్ బల్బులు ఎల్ఈడీవే కొనండి, గడ్డికి తగలకుండా కొండ వెనక కట్టండి. పాతరకం బల్బు వేడికి మా కప్పు కమిలి వాసన వచ్చిన రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. గడ్డి మీద బంగారు రంగు స్ప్రే కూడా కొట్టకండి. పాక విప్పాక ఆ గడ్డిని మళ్ళీ బర్రెలకే వేయాలి కదా.