ఇన్సాట్ మబ్బుల బొమ్మలు తీసే పీసీని అప్‌గ్రేడ్ చేసుకోవడం ఎలా?

ఇస్రో శాటిలైట్ డేటా ఇచ్చే మోస్డాక్ సైట్ నుంచి ఇన్సాట్ 3డీఆర్, 3డీఎస్ అనే వాతావరణ శాటిలైట్ల డేటా దింపుకుని ఇంట్లోనే మబ్బుల బొమ్మలు తీస్తుంటారా, ఆ పీసీలో ఇంకా విండోస్ 10 గానీ ఉబుంటు 20.04 గానీ ఉందా, అయితే ఇక ఆలస్యం చేయకండి, రెండిటికీ మామూలు ఫ్రీ సపోర్ట్ 2025లోనే అయిపోయింది.

అన్నిటికంటే ముఖ్యం, పాతదాని మీదే కొత్తది ఎక్కించొద్దు. ఉప్పల్‌లో మా ఇంట్లో ఒకసారి అలాగే చేశా, ఓఎస్ బానే వచ్చింది గానీ ఇన్సాట్ ఫైళ్ళ ఫార్మాట్ అయిన హెచ్‌డీఎఫ్5ని చదివే లైబ్రరీ మారిపోయి ఒక్క ఫైల్ కూడా తెరుచుకోలేదు, బయట వాన దంచికొడుతుంటే స్క్రీన్ మీద ఒక్క మబ్బు లేదు, మళ్ళీ దారిలో పెట్టడానికి రెండు రోజులు పట్టింది. అందుకే అక్టోబర్, నవంబర్‌లో, బంగాళాఖాతంలో తుఫాన్లు లేచే రోజుల్లో అస్సలు ముట్టుకోకండి, జనవరి, ఫిబ్రవరి అయితే నిదానంగా చేసుకోవచ్చు.

మొదట సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి ఒక కొత్త ఎస్ఎస్‌డీ తెచ్చుకోండి. పాత డిస్క్‌లోని స్క్రిప్టులు, సెట్టింగ్స్, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ ఉందో ఆ లిస్టు అన్నీ వేరేగా కాపీ చేసి పెట్టుకోండి. వాటితో పాటు మూడు శాంపిల్ ఫైళ్ళు కూడా, ఒకటి ఎండాకాలం మధ్యాహ్నంది, ఒకటి రాత్రిది, ఒకటి తుఫాన్ రోజుది, పాత సిస్టమ్ వాటినుంచి తీసిన బొమ్మలతో సహా.

తర్వాత పాత డిస్క్ కేబుల్ పీకేసి కొత్తదాంట్లో ఓఎస్ వేయండి. పైథాన్ ప్యాకేజీలు ఓఎస్‌లో నేరుగా కలపకుండా కొండా (ప్యాకేజీలని ఓఎస్‌కి అంటకుండా విడిగా ఉంచే టూల్)లో వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని అందులో సాట్‌పై అనే శాటిలైట్ డేటా చదివే పైథాన్ ప్యాకేజీ వేయండి, ఇన్సాట్ ఫైళ్ళు చదివే రీడర్ దాంట్లోనే ఉంది.

ఇప్పుడు అసలు పని, చెకింగ్. బొమ్మ వచ్చింది కదా అని సంబరపడిపోవద్దు, నంబర్లు చూడండి. ఎండాకాలం మధ్యాహ్నం ఫైల్‌లో థర్మల్ ఛానల్ (వేడిని కొలిచేది) తెరిచి తెలంగాణలో మబ్బు లేని చోట క్లిక్ చేస్తే 310 కెల్విన్ పైన రావాలి, తుఫాన్ ఫైల్‌లో ఎత్తైన ఉరుముల మబ్బు నడినెత్తిన 200 కెల్విన్ దరిదాపుల్లో ఉండాలి. 600, 700 అని వస్తోందంటే అది టెంపరేచర్ కాదు, శాటిలైట్ పంపిన ఉత్త కౌంట్, అది 0 నుంచి 1023 దాకా ఉంటుంది, దాన్ని టెంపరేచర్‌గా మార్చే టేబుల్ మీ స్క్రిప్టు వాడట్లేదన్నమాట. ఆ తర్వాత కృష్ణా నది సముద్రంలో కలిసే దివిసీమ దగ్గర, బొమ్మ మీద గీసిన తీరం గీత చూడండి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ నేల మీద గీత సరిగ్గా కూర్చోవాలి. థర్మల్‌లో ఒక్కో పిక్సెల్ 4 కిలోమీటర్లు, ఒక పిక్సెల్ అటూఇటూ అయితే ఫరవాలేదు, అంతకంటే జరిగితే మ్యాప్ సెట్టింగ్ తప్పు.

టైమ్ దగ్గర కూడా చాలామంది బోల్తా పడతారు. ఫైల్ పేరులో 0715 అంటే యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైమ్, మనకి మధ్యాహ్నం 12:45. కొత్త ఓఎస్‌లో టైమ్‌జోన్ మారితే ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఐదున్నర గంటలు అటో ఇటో అయిపోతుంది.

ఒక వారం కొత్తదాన్ని అలా నడవనివ్వండి. ఒక్కో శాటిలైట్‌కి అరగంటకొకటి చొప్పున రోజుకి 48 ఫైళ్ళు, సైట్‌లో ఎన్నుంటే మీ ఫోల్డర్లో అన్ని బొమ్మలు ఉన్నాయో లేదో రోజూ లెక్కపెట్టండి. అన్నీ సరిపోయినా పాత డిస్క్ మాత్రం ఒక వానాకాలం గడిచేదాకా బీరువాలోనే ఉండనివ్వండి.